ప్లేటు తీయకుండా చదివిన పద్యం

మొన్న వెనక పన్ను నొప్పెడితే మా ఉక్కు పట్నంలోనే బిస్టుపూర్‌లో పళ్ల డాక్టరమ్మ దగ్గరకు వెళ్లాను. ఆ పిల్ల నా నోట్లో లైటు వేసి చూసి, ఈ వయసులో ముందుపళ్లు ఇంత గట్టిగా ఉన్నాయేమిటి ఆంటీ అని హిందీలో ముచ్చటపడింది. ఊరికే ఉన్నాయా అని చెప్పబోయేలోగా నోట్లో దూది కుక్కింది కాబట్టి, ఆ కథ మీకు చెబుతున్నాను.

చిన్నప్పుడు ఈ పట్నం అంచున పర్సుడీహ్‌లో ఉండేవాళ్లం. నేను నోరు మూస్తే పైపళ్లు కిందిపళ్లను పూర్తిగా కప్పేసేవి. చూసినవాళ్లంతా పిల్ల పలువరస ఎంత బాగుందో అనేవారేగాని, ఆ కిందిపళ్లు అంగిట్లో గుచ్చుకుని పుండు చేస్తున్నాయని ఎవరికీ తోచలేదు. అమ్మ మాత్రం 'పిల్లకి వేడి సేసింది' అని తేల్చేసి, ఆవకాయ జాడీని అటకెక్కించి, వేసవంతా బార్లీ నీళ్లూ సబ్జా నీళ్లూ తాగించింది. అంత చలవ చేసిన పిల్ల సింగ్‌భూమ్ జిల్లా మొత్తంలో మరొకతె ఉండి ఉండదు.

చివరకు ఉక్కు ప్లాంటులో పనిచేసే నాన్న నన్ను సాక్చీలో ఒక బెంగాలీ పళ్ల డాక్టరుకు చూపించాడు. ఆయన అద్దంలో ఆ పుండు చూపించి, ఇలాగే వదిలేస్తే పెద్దయ్యాక ముందుపళ్లు కదిలిపోతాయని చెప్పి, అంగిటికి పట్టుకుని ఉండే ప్లేటు ఒకటి చేయించి పెట్టాడు. కిందిపళ్లు దాని మీద ఆనితే వెనకపళ్లు మెల్లగా ఎదిగి నోరు సరిగా మూతపడుతుందట, అన్నం తినేటప్పుడు కూడా తీయకూడదట. పెట్టుకున్నానో లేదో, నా మాట ముద్దయిపోయింది.

సరిగ్గా అప్పుడే శ్రీరామనవమి పందిట్లో పద్యం చదివే వంతు నాకు వచ్చింది. మా తెలుగువాళ్ల పందిట్లో ఒక పద్ధతి ఉండేది. చదివే పిల్ల ఒక్క మాట తప్పు పలికినా ముందు వరుసలో కూర్చున్న పెద్దాయన చెయ్యెత్తేవాడు, మళ్లీ మొదటినుంచి అందుకోవాలి. అందరిలో నేను చిన్నబోతానని నాన్న భయం.

'ఏటమ్మా, ఆ ఒక్క పూటా తీసీరాదా, ఏటవుద్ది' అన్నాడు.

ఒక్క పూటకు ఏమీ కాదని నాకూ తెలుసు. కానీ ఆ ముదనష్టపు ప్లేటు మీద నాకెంత కసి అంటే, ఒకసారి తీస్తే ఇక జన్మలో పెట్టుకోను. తీయనంటే తీయనన్నాను.

పెద్దాయన చెయ్యెత్తాడు. మొదటికొచ్చాను. మళ్లీ ఎత్తాడు. పిల్లలు కిసకిసలాడుతున్నా నాలుక ఎక్కడ ఆనించాలో వెతుక్కుంటూ ఒక్కొక్క మాటా నిదానంగా పలికాను. ఈసారి చివరి పాదం దాకా ఆ చెయ్యి లేవలేదు.

'గట్టి పిండానివే' అన్నాడాయన. ఆ మాటను నాన్న తన షిఫ్టులో ఎంతమందికి చెప్పుకున్నాడో లెక్కలేదు. ఆ తర్వాత తీగల క్లిప్పులూ వేశారు, అవీ భరించాను. ఇవాళ్టికీ నా పళ్లతో చెరకు కొరుక్కుని తింటున్నాను. గర్వమే నాకు, దాచుకోవడం ఎందుకు?

పోయిన వారం మాంగో పేటలో ఉండే మనవరాలికి ఆ పద్యమే ఒక్క అక్షరం పొల్లుపోకుండా చదివి వినిపించాను. బుద్ధిగా విని, 'మతలబ్ క్యా హై, అమ్మమ్మా?' అంది. అర్థం చెప్పాను, తలూపింది. మాట ముద్దగా ఉన్న రోజుల్లో పందిరి పందిరంతా చెవులు రిక్కించి వింది. ఇప్పుడు నేను ఎక్కడ తప్పినా చెయ్యెత్తేవాళ్లు ఎవరూ లేరు.