తనిఖీ కోసం వేసిన రంగు

సరిహద్దు పోస్టుకి చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. పదమూడు వేల అడుగుల ఎత్తు. ఎండ ఉంది, వేడి లేదు. వీపు మీద ఇరవై కిలోల సామాను, చేతిలో నా పనిముట్ల పెట్టె. కొండను తొలిచి వేసిన ఒకటే రోడ్డు. ఒక పక్క రాయి, ఇంకో పక్క లోయ. ఆరు బంకర్లు, ఒక వంటిల్లు, ఒక షెడ్డు. షెడ్డులో ఒక పాత ట్రక్కు, నాలుగు చక్రాలూ లాగే రకం. అంత దుమ్ములో అది పెళ్ళికూతురిలా మెరిసిపోతోంది.

ఇది చదివే మీకు మిలిటరీ అంటే జనవరిలో టీవీలో కనిపించే కవాతు. మా వీధిలోనూ అంతే. జెండా ఎగరేసే రోజు నాకో శాలువా కప్పి, బార్డర్ ముచ్చట్లు చెప్పమంటారు. తుపాకుల సంగతి చెబుతానని చూస్తారు. నేను చెప్పాలనుకున్నది రంగు డబ్బాల సంగతి. అది మొదలుపెట్టగానే ఫోన్లు తీసుకుంటారు. అందుకే రాస్తున్నాను. పేర్లు రాయను. డ్రైవర్, ఆపరేటర్, సుబేదార్ అంటే చాలు.

నేను వాహనాల మెకానిక్‌ని. మా నాన్న ఉద్యోగరీత్యా గుంటూరు నుంచి వచ్చి నాంపల్లిలో స్థిరపడ్డాడు. ఆ ట్రక్కు డ్రైవర్‌ది గౌలిగూడ. మా ఇంటి నుంచి వాళ్ళింటికి నడిచిపోవచ్చు. అంత దూరం పోయి, అంత చలిలో ఒకరికొకరం దొరికాం. నన్ను చూడగానే వాడు ముందు అడిగింది ఊరి సంగతి కాదు.

"మెకానికువా అన్నా? మంచిగైంది. స్టీరింగ్ జామ్ ఐతుంది. సుబేదార్ సాబ్‌కు చెప్పి చెప్పి యాష్టకొచ్చింది."

ఎత్తుకి ఊపిరి అలవాటు పడేదాకా కొత్తవాళ్ళు పని ముట్టుకోకూడదని నియమం. అది ముగిశాక బండి కిందకి దూరాను. ముందు చక్రాలు పక్కకి తిరగడానికి ఆధారం కింగ్ పిన్నులు. వాటికి గ్రీజు ఎక్కించే బఠాణీ గింజంత మొనను నిప్పుల్ అంటాం. నిప్పుల్ దొరికితే గ్రీజు కొట్టడం ఐదు నిమిషాల పని. ఎంత తడిమినా దొరకలేదు. ఇరుసు, కడ్డీలు, నట్లు, అన్నీ ఒకే నల్లరంగు. నిప్పుళ్ళ మీద కూడా మందంగా రంగు పూసేశారు. ఇక గ్రీజు లోపలికి పోదు, పిన్నులు ఎండి బిగుసుకుపోతాయి.

ఎందుకంటే తనిఖీ. మిలిటరీలో పెద్ద అధికారి వస్తున్నాడంటే కదిలేది కడుగుతారు, కదలనిది రంగేస్తారు. రాళ్ళకి సున్నం, బకెట్లకి ఎరుపు. ఈసారి వచ్చే ఆయన బండి కింద అద్దం పెట్టి చూస్తాడని ఎవరో అన్నారట. అంతే, బండి కింద కూడా బ్రష్షు నడిచింది. పోస్టులో మెకానిక్ లేని నెలలో జరిగిన ఘనకార్యం అది. రంగేసినవాళ్ళకి ఆ మొన ఏమిటో తెలియదు. వెయ్యమన్నవాడు అడగలేదు.

పోస్టుని నడిపే సుబేదార్ దగ్గరికి వెళ్ళాను. రంగు గీకి, ముందు ఇరుసు విప్పి, పిన్నులు తీసి చూడాలన్నాను. ఆయన టీ తాగుతున్నాడు.

"తనిఖీ అయ్యాక విప్పుకో. ఇప్పుడు రంగు మీద గీత పడకూడదు," అన్నాడు హిందీలో.

"అప్పటిదాకా బండి కదలకూడదు సాబ్," అన్నాను.

"కదలదు," అన్నాడు.

శుక్రవారం పెద్దాయన వచ్చాడు. అందరితో చేతులు కలిపాడు. జీడిపప్పు తిన్నాడు. వాతావరణం బాగుందన్నాడు. షెడ్డు వైపు తల కూడా తిప్పకుండా వెళ్ళిపోయాడు. అద్దం తెచ్చిన జాడే లేదు. ఆయన జీపు దుమ్ము ఇంకా అణగకముందే పై పోస్టు నుంచి వైర్‌లెస్‌లో పిలుపు. బ్యాటరీలు అయిపోవచ్చాయి, మంచు పడేలా ఉంది, వెంటనే పంపండి అని. నేను పానా చేత పట్టుకుని బండి దగ్గరే ఉన్నాను. సుబేదార్ వచ్చి, "ఒక్క ట్రిప్పు. వచ్చాక విప్పుకో," అన్నాడు. మళ్ళీ చెప్పాను. ఆర్డర్ అన్నాడు. మిలిటరీలో ఆ మాట తర్వాత ఇంకో మాట ఉండదు.

డ్రైవర్ చేతికి ఉన్ని గ్లవ్స్ తొడుక్కున్నాడు. పక్క సీట్లో ఆపరేటర్ ఎక్కాడు. మదురై దగ్గర పల్లెటూరివాడు, వాళ్ళమ్మకి ఒక్కడే కొడుకు. రెండో మలుపు దగ్గర అతని గొంతు సెట్‌లో వినిపించింది.

"బండి బాగానే పోతోంది. స్టీరింగ్ మాత్రం బరువుగా ఉందంటున్నాడు. ఓవర్."

నాలుగో మలుపు దగ్గర గొంతు రాలేదు.

రోడ్డు ఎడమకి తిరిగింది, బండి తిరగలేదు. కింద బండరాళ్ళ మధ్య ఇరుక్కుని ఆగింది. ఆపరేటర్ అప్పటికే పోయాడు. డ్రైవర్ తలకి దెబ్బ, స్పృహ లేదు. తాడు కట్టుకుని దిగింది నేనే. వాణ్ణి బయటికి లాగేటప్పుడు గ్లవ్స్ చూశాను. అరచేతుల దగ్గర ఉన్ని చిరిగిపోయి ఉంది. లోపల చర్మం ఊడి, రెండు చేతులూ పచ్చిగా ఉన్నాయి.

క్రేన్ అంత ఎత్తుకి రాదు. బండిని అక్కడే వదిలేశాం. విచారణకి వచ్చినవాళ్ళు రోడ్డు అంచున నిలబడి దుర్భిణీతో చూశారు. ముందు చక్రాలు తిన్నగా ఉన్నాయి. తిన్నగా ఉన్నాయంటే డ్రైవర్ తిప్పలేదు, తిప్పలేదంటే నిద్రపోయాడు. వాళ్ళ లెక్క అంత సులువు. నేను రంగు సంగతి చెప్పాను. ఒకాయన నవ్వి, "రంగు వల్ల బండ్లు లోయలో పడతాయా?" అన్నాడు. అరచేతుల సంగతి చెప్పాను. పడేటప్పుడు గట్టిగా పట్టుకుని ఉంటాడులే అన్నారు. రంగు అని రాస్తే, రంగు వేయించినవాడి పేరు కూడా రాయాలి మరి. ఇప్పటికీ అది తలచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

డ్రైవర్‌కి ఆ మధ్యాహ్నం ఏదీ గుర్తు లేదు. ఆస్పత్రిలో కళ్ళు తెరిచేసరికి అందరూ నిద్రపోయావన్నారు. నమ్మాడు. నేను కాదని ఎంత మొత్తుకున్నా, తన మీద జాలితో చెబుతున్నానన్నాడు. మిలిటరీ నుంచి పంపేశాక తిన్నగా మదురై పోయి ఆపరేటర్ తల్లిని వెతుక్కున్నాడు. ఆమెకి తమిళం తప్ప రాదు, వీడికి తమిళం రాదు. ఆమె ముందు నిలబడి, చెంప కింద చెయ్యి పెట్టుకుని, తల వాల్చి, కళ్ళు మూసి చూపించాడట. నిద్రపోయానని. తర్వాత కాళ్ళ మీద పడ్డాడట. ఆమె తలుపేసుకుంది.

అప్పటి నుంచి వాడు స్టీరింగ్ ముట్టలేదు. గౌలిగూడలో ఒక పార్శిల్ ఆఫీసులో మూటలు దించుతాడు. బస్సెక్కినా వెనక సీటే.

నేను సర్వీసు అయిపోయాక నాంపల్లి స్టేషన్‌లో దిగి, దాని వెనక సందులోనే షెడ్డు పెట్టుకున్నాను. ఇరవై ఏళ్ళు దాటింది. మొన్న చలికాలంలో అబిడ్స్ బట్టల షాపు సేఠ్ ఒక బండిని ముందు చక్రాలు క్రేన్‌కి ఎత్తించి లాక్కొచ్చాడు. మిలిటరీ వేలంలో కొన్నాడట. అదే కాలంది, అదే రకం. ఆ బండి మాత్రం కాదు, ఆ బండి ఇంకా ఆ లోయలోనే ఉంది.

"వస్తాద్, స్టీరింగ్ మక్ఖన్ లెక్క కావాలె," అన్నాడు సేఠ్. "మా తమ్ముని బారాత్ ఉంది. పెండ్లికొడుకే నడుపుతడు. ఒక చెయ్యి స్టీరింగ్ మీద, ఇంకో చేత్తోని జనానికి సలామ్. రంగు మాత్రం ముట్టకు, గదే అసల్ షాన్."

రంగు ముట్టకు! ఆ మాట వినగానే సేఠ్‌ని షెడ్డులోంచి గెంటేద్దామనిపించింది. ఆయనకేం తెలుసు, పాపం. ఊరుకుని బండి కిందకి దూరాను. టార్చి వేశాను. పైన ఆకుపచ్చ, దాని కింద నలుపు. నిప్పుల్ ఉండాల్సిన చోట చిన్న బుడిపె. గోటితో గీకితే పెచ్చు ఊడింది. అయితే ఒక్క మా పోస్టులోనే కాదన్నమాట. ఇంకెక్కడో ఇంకో సుబేదార్ ఇంకో డబ్బా తెరిచాడు.

పానా పక్కన పెట్టి గౌలిగూడ నడిచాను. డ్రైవర్ రానన్నాడు. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. బండిని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎందుకన్నా నన్ను సతాయిస్తవ్? గిది గా బండి కాదు గదా."

"కాదు. ఎక్కి ఎడమకి తిప్పు. అంతే."

చివరికి ఎక్కాడు. రెండు చేతులూ చక్రం మీద వేశాడు. కదల్లేదు. పళ్ళు బిగించాడు. సీటులోంచి సగం లేచి, ఒంటి బరువంతా ఒక వైపు వేశాడు. చేతులు జారాయి, మళ్ళీ పట్టుకున్నాడు. చక్రం అక్కడే ఉంది. అప్పుడు వదిలేసి, అరచేతులు రెండూ తెరిచి చూసుకున్నాడు. ఎర్రగా కందిపోయాయి.

"అన్నా," అన్నాడు. "గిట్లనే ఉండె. లేషి నిలబడ్డ. ఆపరేటర్ గూడ పక్కకెల్లి చెయ్యేసి గుంజిండు. నేను నిద్రపోలే."

వాడు ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. ఇద్దరం ముసలాళ్ళం, గ్రీజు గుడ్డలతో కళ్ళు తుడుచుకున్నాం.

ఆ తర్వాత మిగిలింది పని. ఎడమ పక్క పిన్నుని ఎర్రగా కాల్చి సుత్తితో కొడితే గాని ఊడలేదు. దానితో పాటు ఎర్రటి పొడి రాలింది. గ్రీజు మొహం చూసి ఎన్నేళ్ళయిందో. కొత్త పిన్నులు, బుష్షులు వేశాను. సేఠ్ ఏమంటే అననీ అని నిప్పుళ్ళ చుట్టూ రంగు గీకి, గ్రీజు గన్ పెట్టి, అంచుల్లోంచి పొంగేదాకా కొట్టాను. పాత స్టీరింగ్ బాక్స్ తీసేసి, వేరే ట్రక్కు పవర్ స్టీరింగ్ బాక్స్ తెచ్చాను. దానికి చాసిస్ మీద మందపాటి రేకు వెల్డింగ్ చేశాను. పైనుంచి వచ్చే రాడ్డు పొడవెక్కువైంది. కోసి, మధ్యలో జాయింటు వేశాను. ఇంజన్ బెల్టు మీద పంపు కూర్చోబెట్టి, ఆయిల్ పైపులు బిగించాను. స్టార్ట్ చేసి చూస్తే ఒక్క వేలితో తిరిగింది. అప్పుడు ఈ ఒక్క వేలు పని ఎవరైనా చేయించి ఉంటే! కనీసం గ్రీజు! ఊరేగింపుకి దొరికేది యుద్ధభూమికి దొరకదు. ఇదీ మన దేశం తీరు.

బారాత్ రోజు డ్రైవర్, నేను అబిడ్స్‌లో రోడ్డు పక్కన నిలబడ్డాం. బ్యాండు మోగుతోంది. బండి నిండా బంతిపూలు. అప్పటికి వాడు మదురైకి టికెట్ తీసుకున్నాడు. ఆపరేటర్ తల్లి బతికి ఉందో లేదో తెలియదు. తమిళంలో చీటీ రాయిస్తానన్నాను. తెలిసినవాణ్ణి తోడు పంపిస్తానన్నాను. వద్దన్నాడు.

"అప్పుడు చేతులతోనే చెప్పిన. ఇప్పుడు గూడ నేనే చెప్పాలె."

పెళ్ళికొడుకు మూల దగ్గర ఒక్క చేత్తో బండిని వెన్నలా తిప్పాడు. జనం ఈలలు వేశారు. నా పక్కన డ్రైవర్ రెండు పిడికిళ్ళూ గాలిలో పైకెత్తి, లేని చక్రాన్ని పట్టుకున్నాడు. మెడ నరాలు ఉబ్బేలా ఎడమకి లాగాడు. పిడికిళ్ళు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. అలాగే పట్టుకుని నా వైపు చూశాడు.

"చూడన్నా," అన్నాడు. "గిట్ల చేస్తే గా అమ్మకు సమజైతదా?"