చక్రాల గదికి మట్టి గోడలు

పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాక లింగరాజు పగలంతా గడిపేది ఒక రేకు గదిలో. బర్మాలోని ఇన్సేన్‌లో రైలు కార్ఖానా వెనక వీధిలో, డా మ్యా సేన్ అనే బర్మా పెద్దావిడ ఖాళీ స్థలంలో, నాలుగు చక్రాల మీద నిలబడి ఉంటుంది ఆ గది. ఒకప్పుడు రోడ్లు వేసే కంపెనీ వాళ్ళు దాన్ని పని జరిగే చోటికల్లా లాక్కెళ్ళేవారు. ఇంజనీర్లు అందులో పడుకునేవారు. దాని ఇనప చట్రానికి వెల్డింగ్ చేసింది లింగరాజే. పాతబడిపోయి కంపెనీ వదిలించుకుంటుంటే ఆయన అడిగి తెచ్చుకున్నాడు. డా మ్యా సేన్ ఒక్క షరతు మీద చోటిచ్చింది. చక్రాలు తీయకూడదు, తనకు స్థలం అవసరమైన రోజున గదిని జరపాలి.

భార్య గంగాభవాని తెల్లవారగానే టీ కొట్టుకి వెళ్ళి ఇడ్లీలు వండుతుంది. పదకొండింటికి ఇల్లు చేరుతుంది. ఆ ఏడు ఏప్రిల్‌లో కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలిసేది కాదు. గోడమీద చెయ్యి పెడితే చురుక్కుమనేది. ఒకరోజు ఆమె వచ్చేసరికి లింగరాజు మంచం కింద నేలకి చెంప ఆనించి పడి ఉన్నాడు. ఆమె కేక పెట్టింది.

"అరవకే. పడిపోలేదు. కిందైతే సల్లగుంటదేమోనని దిగినాను. మరి ఎక్కలేకపోనాను," అన్నాడు.

ఆయన్ని లేపి కూర్చోబెట్టి, తడిగుడ్డతో ఒళ్ళంతా తుడిచింది. తను పాలు తెచ్చుకునే పశువుల పాక ఆమెకి గుర్తొచ్చింది. అది మట్టి మెత్తిన తడికల పాక. ఎంత ఎండలోనైనా అందులో అడుగు పెడితే ప్రాణం లేచొచ్చేది.

మర్నాడే గది వెనక మట్టి తవ్వి, నీళ్ళు కలిపి, మంచం పక్క రేకు మీద లోపలి వైపు పులిమేసింది. మూడు రోజుల పని. అయిదో రోజున ఎండిన మట్టి పలకలు పలకలుగా ఊడి మంచం మీద పడింది. లింగరాజు నవ్వాడు.

"నవ్వకు మావా."

"నవ్వక ఏటి సెయ్యను? నున్నటి రేకుకి మట్టి అంటుకుంటదేటే?"

ఆమెకు కోపం వచ్చింది కానీ ఆ మాట నిజమని తెలుసు. నగరంలో అవతలి పేట మింగళ తౌంగ్‌న్యున్‌లో ఉండే వదిన చిలకమ్మకి ఫోను చేసింది. చిలకమ్మ ఆమె అన్నగారి భార్య. బర్మా డెల్టాలో తెలుగువాళ్ళు వ్యవసాయం చేసుకునే పల్లెలో పుట్టి, పెళ్ళయ్యేదాకా ఏటేటా గోడలు మెత్తిన మనిషి. ఆదివారం రైలెక్కి వచ్చింది. ఊడిన మట్టిని వేళ్ళతో నలిపి చూసింది.

"ఇందులో ఇసకే ఎక్కువ. గడ్డి లేదు, ఊక లేదు. గోడకి పట్టు లేదు. ఏటి పట్టుకుని నిలబడతాది, సెప్పు?"

"ఇప్పుడేటి సెయ్యమంటావు వదినా?"

"ఇప్పుడేటీ సెయ్యకు. వానలు పోనీ. తడి ఆరకపోతే బూజట్టి కంపు కొడతాది."

వానలు పోయేదాకా గంగాభవాని వస్తువులు పోగు చేసింది. బియ్యం మిల్లు నుంచి ఊక, పాక వాళ్ళ దగ్గర గడ్డి, పేడ. ఊరి చివర వరి చేల నుంచి బంకమట్టి బస్తాలు తెప్పించి టార్పాలిన్ కింద దాచింది. బస్తాలు పెరుగుతుంటే లింగరాజు నవ్వడం మానేశాడు.

"ఈ ఇరుసులు నాను ఏసినవే. ఎంత మోస్తాయో నాకు తెల్సు. ఈ మట్టంతా ఎక్కిత్తే ఇరిగిపోతాయి."

"అయితే నువ్వే దారి సెప్పు."

ఆయన రెండు రోజులు ఆలోచించాడు. రైలు పట్టాల కింద వాడి తీసేసిన కొయ్య స్లీపర్లు నాలుగు సంపాదించమన్నాడు. ఇరుగుపొరుగు మగవాళ్ళు జాకీలతో గదిని ఎత్తి, నాలుగు మూలలా స్లీపర్లు పెట్టారు. బరువంతా వాటి మీదికి పోయింది. చక్రాలు నేలని తాకీ తాకనట్టు ఉండిపోయాయి.

నవంబరులో పని మొదలైంది. వెదురు బద్దల్ని అడ్డం, నిలువు కట్టి లోపలి గోడల పొడవునా తడిక తయారుచేశారు. రేకుకీ తడికకీ మధ్య మూడు వేళ్ళ ఖాళీ. మేకులు పనికిరావని, చట్రానికి కన్నాలు వేసి తీగతో కట్టాలని లింగరాజు అన్నాడు. గంగాభవాని చేతి డ్రిల్లు పట్టుకుంది. అంతకు ముందెప్పుడూ ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"వొంచకు. సూటిగా పట్టు. నొక్కి తిప్పు," అని ఆయన మంచం మీద నుంచి చెబుతూనే ఉన్నాడు. మొదటి కన్నం పడేసరికి ఆమె చీర భుజం దాకా చెమటతో తడిసింది.

"పడింది," అందామె.

"పడిందిలే. ఇంకా నూరున్నాయి."

మట్టిని మూడు రోజులు నానబెట్టి, గడ్డి, ఊక కలిపి కాళ్ళతో తొక్కారు. పని కోసం మళ్ళీ వచ్చిన చిలకమ్మ ముద్ద చేసి తడిక మీదికి విసిరి కొట్టి చూపించింది. మట్టి బద్దల సందుల్లోంచి అవతలికి దూరి అక్కడ గట్టిపడింది. "అదీ పట్టంటే," అంది. మొదటి పూత ఎండి బీటలు వారితే గంగాభవాని కంగారుపడింది కానీ చిలకమ్మ వారనిమ్మంది. ఆ బీటల మీద పేడ కలిపిన మెత్తటి మట్టితో రెండో పూత వేశారు. ఆపైన సున్నం కొట్టారు. పైకప్పు రేకు మీద జానెడు ఎత్తున వెదురు చట్రం కట్టి, బర్మా ఇళ్ళకు వేసే ధనీ ఆకు పరిచారు.

మళ్ళీ ఏప్రిల్ వచ్చింది. టీ కొట్టు నుంచి ఆమె వచ్చేసరికి లింగరాజు గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు. ఆమె లేపలేదు. గుమ్మంలో కూర్చుని అన్నం తినేసింది.

ఆ ఏడు వానలు తగ్గుముఖం పడుతుండగా డా మ్యా సేన్ వచ్చింది. బావి నీళ్ళు ఏటా ఎండల్లో ఇంకిపోతున్నాయని, గొట్టపు బావి వేయిస్తున్నానని, యంత్రం లోపలికి రావాలంటే గది వెనక మూలకి జరగాలని బర్మా భాషలో నెమ్మదిగా చెప్పింది.

"మా గంగా, ముందే అనుకున్నాం కదా," అంది.

అనుకున్న మాటే. గంగాభవాని తలూపింది. శనివారం ట్రాక్టరు వచ్చింది. స్లీపర్లు తీసి, లాగే కడ్డీకి గొలుసు తగిలించారు. గది రెండడుగులు కదిలి, వెనక చక్రాలు మెత్తటి నేలలో దిగబడ్డాయి. ఏదో కిర్రుమంది.

"ఆపండి!" కుర్చీలో కూర్చున్న లింగరాజు అరిచాడు. "ఇరుసు వొంగతంది. మట్టి దించాల."

"దించడమంటే?"

"గోడలు కొట్టెయ్యాల గంగా."

ట్రాక్టరు వెళ్ళిపోయింది. రెండు రోజులు ఆమె గోడల మీద చెయ్యి వెయ్యలేదు. ఇడ్లీలు వండింది, వచ్చింది, గోడలకేసి చూస్తూ కూర్చుంది. మూడో రోజు చిలకమ్మకి ఫోను చేసి ఏడ్చింది.

అవతల నుంచి చిలకమ్మ ఏడుపు ఆపమంది. "కొడితే కొట్టు కానీ ఒక్క పెళ్ళ పారెయ్యకు. నానబెడితే అదే మట్టి. మా పల్లెలో ఇల్లు మార్సినా మట్టి మాతోనే వొచ్చేది. సున్నం మటుకు గీకెయ్యి," అంది.

మర్నాడు గంగాభవాని సుత్తి తీసుకుని మంచం పక్క గోడతోనే మొదలుపెట్టింది. తీసిన పెళ్ళలన్నీ టార్పాలిన్ మీద గుట్టయ్యాయి. బద్దలు చాలా చోట్ల నిలిచే ఉన్నాయి. తేలికపడిన గది ట్రాక్టరు వెనక మారాం చేయకుండా మూలకి చేరింది. మళ్ళీ జాకీలు, మళ్ళీ స్లీపర్లు.

రెండోసారి పని మొదటిసారికన్నా త్వరగా సాగింది. ముందు కన్నాలున్నాయి, తీగలున్నాయి. పాత మట్టి కొత్తదానికన్నా మెత్తగా నానింది. మంచాన్ని గోడ దగ్గరికి జరపమని లింగరాజు అడిగాడు. కూర్చున్న చోటి నుంచి ఎడమ చేత్తో తనకి అందినంత మేర తనే మెత్తాడు. అక్కడ పూత ఎగుడుదిగుడుగా ఉంది. గంగాభవాని దాన్ని సరిచేయబోయింది.

"ముట్టుకోకు. అది నా పని," అన్నాడు.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

గొట్టపు బావి పడ్డాక డా మ్యా సేన్ నీళ్ళ బిందె పట్టుకుని గది చూడటానికొచ్చింది. లోపలికొచ్చి, గోడకి అరచెయ్యి ఆనించి కొంతసేపు నిలబడింది. తన వంటింట్లో పడమటి గోడ కూడా రేకుదే, అటు నిలబడలేకపోతున్నానంది. గంగాభవాని వెళ్ళి ఆ గోడని చూసింది. చట్రం కర్రదే కాబట్టి కన్నాలు సులువుగా పడతాయంది. ఊక, గడ్డి ఇప్పటినుంచే పోగెయ్యమని, అవి చేరగానే పని మొదలుపెడదామని చెప్పింది.