పేర్లు పోయిన అంచులు

మా నాయన ఇంట్లోంచి అడుగు బయటపెట్టినాడంటే కరెంటు మెయిన్ స్విచ్చి దించాల్సిందే. నగరిలో పవర్‌లూమ్ షెడ్డు నడిపిన చెయ్యి మరి. మనిషి లేనప్పుడు మిషన్ తిరగకూడదు, అదీ ఆయన శాస్త్రం. మగ్గాలు అమ్మేసి తిరపతికి నా దగ్గరికొచ్చినా ఆ అలవాటు మాత్రం మూటగట్టుకోనొచ్చినాడు. టీకి పోతే దించుతాడు, పేపరుకి పోతే దించుతాడు. ఫ్రిజ్‌లో పాలు విరిగినా, ఒళ్లంతా సబ్బు నురగతో నేను బాత్రూంలోంచి కేకలు పెట్టినా ఆయనకి పట్టదు.

అన్నిటికీ నేను ఓర్చుకున్నాను. కంప్యూటర్ ఓర్చుకోలేదు పాపం.

దాంట్లో రెండు కాపరాలు. ఆఫీసు పనికి విండోస్, నా సొంత పనికి లినక్స్. ఆన్ చేస్తే ఏది కావాలని అడగతాది. యూపీఎస్ బ్యాటరీ చచ్చి చానా కాలమైంది, కొందాం కొందామని అట్లే వదిలేసినా. ఆపొద్దు కంప్యూటర్ని ఆపకుండానే కూరగాయలకి పోయొచ్చి చూస్తే మెయిన్ దించేసుండాది. ఎత్తి ఆన్ చేస్తే అది ఏమీ అడగలేదు. నల్ల తెర మీద ఇంగ్లీషులో ఒక్క ముక్క: అట్లాంటి పార్టిషన్, అంటే డిస్కులో ఆ భాగమే, లేదని.

ఆఫీసు ఫైళ్లు పోతే పోనీ, మళ్లీ తెచ్చుకుంటాను. లినక్స్ పక్క నాయన గీసిన చీర అంచులుండాయి. వయసంతా గ్రాఫ్ కాగితాల మీద గడిగడికీ రంగేసి గీసినవి. కట్టలు కట్టలుగా స్కాన్ చేసి పెట్టినా, ఒక్కొక్కటీ చూసే ఓపిక నాకు యాడిది! ఆ తర్వాత కాగితాల్ని చెదలు తినేసినాయి. పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ ఉండె. అది ఆయన చొక్కా జేబులో ఉండి వాషింగ్ మిషన్‌లో చక్కగా ఉతికించుకోనొచ్చింది.

"మెయిన్ దించబాకని ఎన్నిసార్లు చెప్పినా నాయనా! దీంట్లో నీ అంచులుండాయి తెలుసా?" అని అరిచినాను.

టీ తాగొచ్చిన మనిషి గడపలోనే నిలబడిపోయినాడు. "నా అంచులా? కరెంటొస్తే టీవీ మాదిరి అదీ వచ్చేస్తాదనుకుంటినే" అన్నాడు. ఆ మొగం చూస్తే నా కోపం యాడికి పోయిందో ఏమో.

ఇంకో పెన్‌డ్రైవ్‌లో లినక్స్ ఎక్కించి, దాంతో కంప్యూటర్ని లేపినా. పోయిన పార్టిషన్లను వెతికే ప్రోగ్రాం డిస్కంతా తడుముకుంటా పోతా ఉండాది. నాయన స్టూలేసుకోని నా పక్కనే కూర్చున్నాడు. దోసె తినమంటే వద్దన్నాడు.

"దొరికిందా పాపా?"

"ఉండు నాయనా."

"ఇప్పుడో?"

"అబ్బబ్బ, కాసేపు ఊరికే ఉండవా!"

మధ్యాన్నానికి దొరికింది. రిపేరు కమాండ్ ఇస్తే తప్పు తప్పుకీ సరిచెయ్యాల్నా అని అడగతాది. సరిచెయ్యి తల్లీ అనుకుంటా అన్నిటికీ ఊఁ కొట్టినా. ఫైళ్లు వచ్చేసినాయి! ఎగిరి గంతేసినాను. కాకపోతే అన్నీ ఒకే ఫోల్డర్లో, పేర్లు పోయి వొట్టి నంబర్లతో పడుండాయి.

ఇంకేముంది, నేను తెరవడం, ఆయన చెప్పడం, నేను పేరు కొట్టడం. "ఇది నెమలి. ఇది మామిడిపిందె, అరవోళ్లు ఎగబడి కొనుక్కున్నారు. ఇది గోపురం, దండగ, ఒక్క చీరా పోలేదు." ఆయన గొంతులో హుషారొచ్చింది. చల్లారిన దోసె అడిగి మరీ తిన్నాడు.

ఒకటి మాత్రం సగమే వచ్చింది. ఒక పక్క చిలకలు, ఇంకో పక్క తెల్లగడులు.

"అయ్యో, ఇది దెబ్బతినింది నాయనా" అన్నాను. ఏడుపొచ్చేసింది.

"దెబ్బతినలేదు పాపా. నేను గీసిందే అంతవరకు. మీ అమ్మకని మొదలుపెట్టినా. అంతలోకే ఆమె పోయె."

లోపలికి పోయి మొగం కడుక్కోని, ఇద్దరికీ టీ పెట్టుకోనొచ్చినా. స్టూలు ఖాళీ. గడప దగ్గర చెప్పుల్లేవు. పైన ఫ్యాన్ తిరగతానే ఉండాది, తెర మీద సగం చిలకలు అట్లే వెలగతా ఉండాయి.

పక్కింటామె కిటికీలోంచి కేకేసింది. "అమ్మాయ్, మీ నాయన గ్రాఫ్ కాగితాలకి పోయినాడు. మెయిన్ దించబాకని నీకు చెప్పమన్నాడు."