వంద ముఖాలకు బొట్టు

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, బొమ్మ గీసి చెప్పలేని సంగతంటూ లోకంలో లేదనుకునేదాన్ని. వయసు అలాంటిది. పైగా చెన్నైలో ఒక పెద్దాసుపత్రిలో నా పనే అది. మోకాలి ఆపరేషను చేయించుకున్నవాళ్లలో ఎందరికి నొప్పి తగ్గింది, ఎందరికి తగ్గలేదు అన్నది బొమ్మల్లో చూపిస్తే, చేయించుకోవాలో వద్దో రోగులే తేల్చుకుంటారు. ఒక కాగితం మీద వందమంది ఆడవాళ్ల ముఖాలు వేశాను. తగ్గినవాళ్లకు పచ్చ రంగు, తగ్గనివాళ్లకు ఎరుపు. తీరా ప్రింటరులో రంగు అయిపోయి అందరూ ఒకే బూడిద రంగులో వచ్చారు. అవతల రోగి వచ్చి కూర్చుంది. ఎర్ర పెన్ను తీసి, నొప్పి తగ్గినవాళ్లందరికీ చకచకా బొట్లు పెట్టేశాను. (ఆ తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.)

వచ్చినావిడ కోడంబాక్కంలో సినిమావాళ్లకు బట్టలు కుట్టే టైలరు. మన తెలుగువాళ్లే, తరాలుగా అక్కడే ఉన్న కుటుంబం. నేను కాగితం వంకే చూస్తూ, బొట్టు ఉన్నవాళ్లు బాగుపడినవాళ్లని, లేనివాళ్లు బాగుపడనివాళ్లని గడగడా వల్లించాను. ఆవిడ చాలాసేపు చూసి, బొట్టు లేని వరస మీద వేలు పెట్టింది.

"నేను ఈడనే ఉండాను గదా పాపా. సరి, ఇంకెందుకు ఆపరేషను?"

అప్పుడు తలెత్తి ఆవిడ నుదురు చూశాను. బోసిగా ఉంది. (మా అమ్మమ్మ నుదురూ అంతే. ఆ ఒళ్లో పెరిగినదాన్ని నేను.) సిగ్గుతో చచ్చిపోయాను. ఏం చేయాలో తోచక, మిగిలిన ముఖాలకు కూడా గబగబా బొట్లు పెట్టేశాను. ఆ దెబ్బతో నొప్పి తగ్గనివాళ్లంటూ చెన్నైలో ఎవరూ మిగల్లేదు.

ఆవిడ నవ్వింది. "అట్ట అబద్ధం చెప్పబాక. నేను మళ్లా మిషను తొక్కతానా లేదా, అది చెప్పు."

నా వందమందిలో ఒక్కరికీ దానికి జవాబు తెలియదు. ఆవిడను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లి అడిగాను. నొప్పి తగ్గొచ్చు గానీ, మిషను తొక్కే సంగతి మాత్రం ఖాయంగా చెప్పలేనంది డాక్టరమ్మ. తెలియనిది తెలియదనే చెప్పినారు, అది చాలంటూ ఆవిడ ఆపరేషను కాగితం మీద సంతకం పెట్టింది. ఆపరేషనయ్యాక నొప్పి తగ్గింది. మిషనుకు మోటారు పెట్టించుకుందని తర్వాత తెలిసింది.

ఇప్పుడు కొత్తగా చేరిన పిల్లలు రంగురంగుల బొమ్మలు తెచ్చి నా బల్ల మీద పరుస్తారు. వాళ్ల ముచ్చట చూస్తే నవ్వొస్తుంది. ఆ నవ్వు సగంలో ఉండగానే, ఎదురుగా కూర్చున్న ఒక్క ముఖం చూడకుండా వంద ముఖాలు చూపించిన పిల్ల గుర్తొచ్చి, తల దించుకుంటాను.