లేని చేతికి నీళ్లు

అన్నానికి కూర్చునే ముందు పైడిరాజు రెండు చేతులూ కడుగుతాడు. ఎడమచేత్తో మగ్గు పట్టుకుని, మణికట్టు దగ్గరే ఆగిపోయిన కుడిచేతి మొండి మీద నీళ్లు పోస్తాడు. వేళ్ల సందులు కూడా తడవాలన్నట్టు దాన్ని అటూ ఇటూ తిప్పుతాడు. వలస వచ్చిన ఈ పరాయి దేశపు షిప్‌యార్డులో గొలుసు తెగిపడి ఆ చెయ్యి పోయి ఏడాది దాటింది. ఇప్పుడు స్టోర్లో పనిముట్లు అందించే పని. లేని బొటనవేలు దురద పెడుతుందనీ, గడ్డం గీసుకుంటుంటే బ్లేడు వేళ్ల మీద నడిచినట్టుంటుందనీ తోటి పనివాళ్లుండే డార్మిటరీలో ఎవరికీ చెప్పలేదు. పిచ్చివాడని పేరొస్తే ఆ పనీ పోతుంది.

ఆ ఆదివారం లిటిల్ ఇండియా మెస్సు నిండా కంప్యూటర్ ఉద్యోగాలకు కొత్తగా దిగిన కుర్రాళ్లే. పైడిరాజు ఎదురుగా చోటు దొరికిన కావ్యశ్రీ, యూనివర్సిటీలో మెదడు మీద రీసెర్చ్ చేసే అమ్మాయి, అతను నీళ్లు పోసుకోవడం చూసింది.

"చెయ్యి ఇంకా ఉన్నట్టే ఉంటుందా అంకుల్?"

అటూ ఇటూ చూసి తలూపాడు. ఆమె అతన్ని కళ్లు మూసుకోమని, తడి టిష్యూతో చెంప తాకింది.

"ఎక్కడ తగిలింది?"

పైడిరాజు మొండిచెయ్యి పైకెత్తాడు. "బొటనేలికమ్మా."

"చెయ్యి పోయినా బ్రెయిన్‌లో దాని చోటు అలాగే ఉంటుందంకుల్. ముఖం చోటు దాని పక్కనే. చెంప నరాలు తెచ్చిన కబురు అక్కడికీ పాకుతోంది, అంతే."

"అయితే నాకు పిచ్చి కాదేటి?"

"కాదంకుల్."

ఏడాదిగా బిగబట్టుకున్నది కళ్లలోకి పొంగింది. తుడుచుకోబోయి ఎడమచెయ్యి ఆపేశాడు. చెంప మీద జారుతున్న చుక్క లేని బొటనవేలిని తడుపుతూ, వెచ్చగా, అరచేతిలోకి దిగుతోంది.