గుంతలోంచి పైకి ఒక్క అడుగు

మాది ఎమ్మిగనూరు. మా మగ్గం గుంత లోతు మూరెడు పైనే. గట్టు మీద కూర్చుని, కాళ్లు లోపలికి దించి, కింద ఉన్న చెక్కల్ని మార్చి మార్చి తొక్కుతూ నేస్తాం. ఇరవై ఐదేళ్లు అలా తొక్కిన కాళ్లు నావి. పోయిన ఏడాది నీళ్ల తొట్టి దగ్గర జారిపడితే కుడి మోకాలి చిప్ప పగిలింది. సిమెంటు కట్టు విప్పేసరికి ఆ తొడ సగమైపోయింది. నేయడానికి ఇబ్బంది లేదు, కుడికాలు గట్టు మీద వేసి గుంతలోంచి లేవడమే చేతకాలేదు. ప్రతిసారీ మా ఆయన వచ్చి చంకల కింద చేతులేసి లాగాల్సిందే.

దొడ్డికి పోవాలన్నా ఆయన్నే పిలవాలి. ఆ సిగ్గుతో నీళ్లు తాగడం మానేశాను. ఒకనాడు ఆయన బజారు నుంచి రావడం ఆలస్యమైతే గుంతలోనే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన అది చూశాడు.

"ఇంగ సాలు మే. ఉగాది దాకా సూస్తా. నీ అంతకు నువ్వు లేసొస్తే సరి, లేకుంటే గుంత పూడ్సేస్తా" అన్నాడు.

ఉత్త బెదిరింపు కాదు. ట్రాక్టరు మన్ను తెచ్చి వాకిట్లో పోయించాడు. పొద్దున లేస్తే ఆ కుప్పే ఎదురు. నేత తప్ప నాకు ఇంకేం వచ్చు?

ఆదోనిలో ఆడవాళ్లకు స్టెప్ ఏరోబిక్స్ నేర్పుతారని తెలిసి, కాలికి బలమొస్తుందని వారానికి మూడు రోజులు బస్సెక్కాను. పాటకు తగ్గట్టు జానెడు ఎత్తు పెట్టె ఎక్కడం, దిగడం. మగ్గం తొక్కినట్టే ఉంది, మన కాళ్లకు ఇదొక లెక్కా అనుకున్నాను. ఒక్క అడుగూ తప్పలేదు. నేర్పే అమ్మాయి "అక్కను సూసి నేర్సుకోండి" అని అందరికీ చెప్తే పొంగిపోయాను కూడా. మూడు నెలల్లో ఆయాసం తగ్గింది. బస్టాండు నుంచి ఇంటిదాకా ఆగకుండా నడిచేదాన్ని. గుంతలో దిగితే మాత్రం మళ్లీ మా ఆయన చేతులే గతి. ఉగాది ఇంకో నెలన్నర ఉంది. నాకు నిద్ర కరువైంది.

ఆ క్లాసు మేడ మీద. కింద మగవాళ్లు బరువులెత్తే జిమ్ము. దాన్ని నడిపే పెద్దాయన, నేను కమ్మీ పట్టుకుని మెట్లు ఎక్కుతుంటే ఒకరోజు ఆపాడు.

"అమ్మా, దినామూ సూస్తాండా. నువ్వు మీద మెట్టు మీద కాలు ఉత్తగా పెడతాండావు. కింద కాలుతోనే నెట్టుకుంటాండావు."

"ఇరవై ఐదేండ్లు మగ్గం తొక్కినదాన్నన్నా నేను" అన్నాను రోషంగా.

"కూసోని తొక్కితే నీ బరువు కాలు మీద యాడ పడుతుందమ్మా?"

నిజమే. ఇన్నేళ్లూ నా బరువు మోసింది గట్టు. పెట్టె ఎక్కేటప్పుడూ కాలు ఊరికే తాకించి, పాట ఊపులో దాటేశాను. తాళం తప్పలేదు గనక ఎవరూ పట్టుకోలేదు, నాతో సహా.

బల్ల మీద కూర్చుని, బరువును గుండెకు హత్తుకుని, నెమ్మదిగా లేచి నెమ్మదిగా కూర్చోవడం చూపించాడు. ఆయాసానికి మేడ మీది క్లాసే మేలు, కాలికి మాత్రం బరువే కావాలన్నాడు. ఇంట్లో బరువేముంది? పిండి సంచిలో వాకిట్లోని మన్నే నింపాను. మొదట పావు సంచి, తర్వాత సగం. పాట లేదు, ఊపు లేదు, ఒట్టి మంట. ఒకరోజు సంచితో సహా కూలబడి, ఈ కాలు తీసేయ్ దేవుడా అని అరిచాను. మర్నాడు మళ్లీ నింపాను.

ఉగాది ముందురోజు మా ఆయన పార, గంప తెచ్చి గుంత పక్కన పెట్టాడు. "దిగు, ఒగసారి సూద్దాం" అన్నాడు.

దిగాను. కుడికాలు గట్టు మీద పెట్టాను. కింద కాలుతో నెట్టుకుందామని ఒళ్లంతా ఆరాటం. నెట్టనివ్వలేదు. సగం లేచాక తొడ వణికింది. ఆయన చెయ్యి ముందుకొచ్చింది.

"ముట్టుకోవద్దు!"

పళ్లు బిగబట్టి లేచాను. గట్టు మీద నిలబడ్డాక చూస్తే ఆయన కళ్లలో నీళ్లు. పార చేతిలోకి తీసుకుని, "అయితే ఆ మన్ను ఎత్తిచ్చేద్దునా?" అని అడిగాడు.

"ఉండనీ. సంచి ఇంగా సగమే నిండింది" అన్నాను.