కూర్చుని అనాల్సిన మాట

పిల్లలు నవ్వలేదు. ఏదో తప్పు జరుగుతోందని నాకు మొదట తోచింది అప్పుడే.

సాయంత్రం పాల ప్యాకెట్ కోసం చెప్పులు వేసుకుని, చేతిలో సంచి పట్టుకుని గడపలో నిలబడి ఉన్నాను. వెనక గదిలో పిల్లలిద్దరూ రిమోట్ కోసం గుంజులాడుకుంటున్నారు. ఆ గుంజులాటలో నేను మధ్యాహ్నమంతా కూర్చుని మడతపెట్టిన బట్టలు మంచం మీంచి జారిపడ్డాయి. వాటి మీద చిన్నోడి చేతిలోని గ్లాసు నీళ్ళు పడ్డాయి. పొద్దుటి నుంచి ఈ ఇద్దరితో తప్ప నేను ఇంకెవరితోనూ మాట్లాడలేదు. వెనక్కి తిరిగి అన్నాను:

"మీతోని నాతోని గాదు. నేను మద్నూర్ బస్సెక్కి పోత. ఆడ మరాఠోళ్ళ పిల్లలను పెంచుకుంట. వాళ్ళేమన్నా నాకు సమజ్ గాదు, పాణం సుఖంగుంటది."

ఇది నా మాట కాదు, మా అమ్మది. ఎల్లారెడ్డిలో నా చిన్నతనమంతా ఈ మాట విని కడుపు పట్టుకుని నవ్విన దాన్ని నేను. నా పిల్లలూ నవ్వుతారనుకున్నాను. ఇద్దరూ రిమోట్ వదిలేశారు. రెండో తరగతి చదివే పెద్దది నా మొహం చూసింది. తర్వాత నా కాళ్ళు చూసింది.

"ఎంతమంది ఉన్నరు మమ్మీ?" అంది.

"ఎవరు?"

"ఆ మద్నూర్ పిల్లలు."

జవాబు చెప్పకుండా మెట్లు దిగాను. పాల దుకాణం దగ్గర చిల్లర కోసం నిలబడితే బస్టాండు నుంచి ఒక బస్సు వచ్చి మలుపు దగ్గర నెమ్మదించింది. కిటికీ పక్క సీటు ఒకటి ఖాళీగా ఉంది. నిజం చెప్పాలంటే ఆ సీట్లో నన్ను నేను చూసుకున్నాను. తల కిటికీకి ఆనించి, ఎవరూ ఏమీ అడగకుండా. చేతిలో పాలు చల్లగా తగిలేసరికి ఇటు తిరిగాను. ఇంటి దగ్గరికి వచ్చి తలెత్తి చూస్తే మేడ మీద బాల్కనీ ఊచల మధ్య రెండు మొహాలు. నేను గేటు తీసి లోపలికి వచ్చేదాకా అవి కదలలేదు.

మా అమ్మ బీడీలు చుట్టేది. ఇప్పటికీ చుడుతుంది, కళ్ళు సరిగా ఆనక కొంచెం తక్కువ చేసింది, అంతే. ఇంటి ముందు అరుగు మీద కూర్చుంటే ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారపుండ. చేతులు వాటి పని అవి చేసుకుంటుంటే నోరు దాని పని అది చేసేది. పొద్దెక్కినా నేను లేవకపోతే, "సూర్యుడు నీకోసం అడిగి అడిగి ఇంటికి వాపస్ పోయిండు" అనేది. ఎదురుగా ఉన్న గరిటె కనబడక వెతికితే, "కండ్లు ఏడ పెట్టినవే, బీడీల కార్ఖానల జమ చేసినవా?" అనేది. మోకాలు గీరుకుని తమ్ముడు ఏడిస్తే, "దోమకొండ దాకా వినవడ్డది, ఇగ ఆపు. ఇంకింత ఏడిస్తే గడీల దొరలు నిద్ర లేస్తరు" అనేది. వాడు ఏడుస్తూనే నవ్వేవాడు.

కామారెడ్డిలో డిగ్రీ చదివేటప్పుడు అమ్మ మాటలు చెప్పి స్నేహితురాళ్ళను నవ్వించేదాన్ని. సెలవుల్లో ఇంటికి వెళ్ళి వస్తే, "ఈసారి మీ అమ్మ ఏమన్నది?" అని అడిగేవారు. ఈమధ్య మదర్స్ డే నాడు అందరూ పెట్టినట్టే నేనూ అమ్మ ఫోనుకు ఒక గులాబీ బొమ్మ పంపాను. వెంటనే ఫోన్ చేసింది. "పువ్వే పంపాల్నంటే గోబిపువ్వు పంపరాదు? కూరకన్న అయితుండె."

మద్నూర్ మాట మాత్రం ఊరికే వచ్చేది కాదు. నేనూ తమ్ముడూ బాగా సతాయించిన రోజునే వచ్చేది. అమ్మ మద్నూర్ ఎన్నడూ పోలేదు. అది సరిహద్దు ఊరని, అటు మరాఠీ మాట్లాడతారని ఎవరో చెప్పగా విన్నది. అమ్మ ఆ మాట అనగానే పక్కింటి పెద్దమ్మ, తన అరుగు మీద తన చాటతో కూర్చున్న మనిషి, తల కూడా ఎత్తకుండా జవాబిచ్చేది: "పో, పో! నీ చేతి పులుసు ఒక్కపూట తింటే గా పిల్లలే నిన్ను మళ్ళ బస్సెక్కిస్తరు." ఇద్దరూ నవ్వేవారు. నవ్వితే తంబాకు ఒలుకుతుందని చాటలు గట్టిగా పట్టుకుని మరీ నవ్వేవారు. దాంతో మా తప్పు ఏమిటో వాళ్ళకూ గుర్తుండేది కాదు, మాకూ గుర్తుండేది కాదు.

నేనిప్పుడు ఉంటున్న ఇంటికి అరుగు లేదు. మా ఆయన దుబాయిలో పని చేస్తారు. అత్తగారి ఊరు మహమ్మద్‌నగర్ నుంచి పిల్లల బడి కోసం కామారెడ్డికి వచ్చి ఈ మేడ మీది రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. పిల్లలు ఆటో ఎక్కి వెళ్ళాక ఎంత నిశ్శబ్దంగా ఉంటుందంటే, ఫ్రిజ్ చప్పుడు ఆగినా ఉలిక్కిపడతాను. గ్యాస్ కట్టేశానా, మేడ మీది తలుపు గొళ్ళెం పెట్టానా, ఆటో అతను ఫోన్ మాట్లాడుతూ నడపడం లేదు కదా. రాత్రి ఆయన ఫోన్ చేసి "అంతా మంచిదేనా?" అంటే "మంచిదే" అంటాను. ఆ ఎండల్లో పని చేసి వచ్చిన మనిషికి ఇంకేం చెప్తాం?

ఆ సాయంత్రం తర్వాత పిల్లలు ఉన్నట్టుండి బుద్ధిమంతులయ్యారు. పెద్దది కంచం తానే కడుక్కుంది. రిమోట్ టీవీ పక్కన ముట్టుకునేవాళ్ళు లేక పడి ఉంది. సంతోషించాల్సింది పోయి నాకు గుబులు పట్టుకుంది. పొద్దున ఆటో హారన్ వినబడగానే చిన్నోడు గడపలో నా చున్నీ అంచు పట్టుకుని, "ఇంట్లనే ఉంటవా మమ్మీ?" అన్నాడు. "ఏడికి పోత? దిగు, దిగు" అని తొందరపెట్టాను. మరునాడూ అదే అడిగాడు. నేనూ అదే అన్నాను.

ఒక పగలు వీధిలో గ్యాస్ బండి వచ్చిన చప్పుడు విని గబగబా బయటికి వస్తే నా చెప్పులు లేవు. మెట్ల కింద చూశాను, లేవు. ఉత్త కాళ్ళతోనే దిగి సిలిండర్ తీసుకున్నాను. సాయంత్రం చూస్తే చెప్పులు స్టాండులో వాటి చోట జతగా ఉన్నాయి. మరునాడు పిల్లలు పోయాక కావాలని వెళ్ళి చూశాను. లేవు. సాయంత్రానికి ఉన్నాయి. అంతకుముందు ఎన్నాళ్ళుగా ఇలా జరుగుతోందో నాకు తెలియదు. పగటిపూట నేను బయటికి పోయే పని ఉంటే కదా, చెప్పులు లేవని తెలియడానికి? చెప్పులు పోవడం కంటే ఆ ఆలోచనే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

కింద ఉండే ఇంటి ఓనరమ్మను అడిగాను, మీరేమైనా చూశారా అని. ఆమె ఆకుకూర తుంచుతూ, "చెప్పులు ఎత్తుకపోయే కుక్కను చూసిన. పొద్దుమీకి తెచ్చి జతగ పెట్టే కుక్కను మాత్రం నేనెన్నడు చూడలే బిడ్డా" అంది. నవ్వి, మళ్ళీ నా మొహం చూసి, "మంచిగ నిద్రవోతున్నవా?" అని అడిగింది. నిద్రపోతున్నానని చెప్పి పైకి వచ్చేశాను. నాకే ఏమైనా అవుతోందేమో, చెప్పులు అక్కడే ఉన్నా నాకే కనబడటం లేదేమో అనిపించింది. ఆ మాట ఎవరితోనూ అనే ధైర్యం లేదు, అనడానికి ఎవరూ లేరు కూడా.

నిన్న సాయంత్రం పెద్దదాని టిఫిన్ డబ్బా మూత ఊడి బ్యాగులో పప్పు కారింది. తుడుద్దామని పుస్తకాలు బయటికి తీస్తుంటే అది బాత్రూంలోంచి తడి కాళ్ళతో పరుగెత్తుకొచ్చింది.

"నేనే తుడుస్త మమ్మీ, నేనే, నేనే!"

బ్యాగు అడుగున, కూరగాయల కవరులో చుట్టి, నా చెప్పులు. ఇంకా వాటిని స్టాండులో పెట్టే సందు దొరకలేదు దానికి.

"ఇవెందుకు తీస్కపోయినవ్?"

టీచర్ ముందు నిలబడినట్టు చేతులు కట్టుకుంది. "మేం బడికి పోయినంక నువ్వు పోతవ్ గదా. చెప్పుల్లేకుంటే బస్సెక్కనియ్యరు."

"ఎవరు చెప్పిన్రు నీకు?"

"ఎవ్వరు చెప్పలే. నాకే తెలుసు."

మంచం మీంచి చిన్నోడు అన్నాడు: "నేను ఎవ్వరికి చెప్పలే అక్కా. ఆటో అంకుల్‌కు గూడ చెప్పలే."

పప్పు మరకల మధ్య నేల మీద కూర్చుండిపోయాను. నేనెందుకు ఏడుస్తున్నానో పెద్దదానికి తెలియలేదు. దగ్గరికి వచ్చి, "బరువేం లేవు మమ్మీ" అంది.

వాళ్ళను టీవీ ముందు కూర్చోబెట్టి, వెనక బట్టలారేసే చోటుకు వెళ్ళి అమ్మకు ఫోన్ చేశాను.

"ఏందే, గీ యాళ్ళ చేసినవ్? గోబిపువ్వు పంపుతున్నవా?"

సంగతి చెప్పాను. చెప్పులు రోజూ బడికి పోతున్నాయనగానే పగలబడి నవ్వింది. "ఓ, నా మనవరాలు పోలీసయితది!" అంది. ఇటు నేను నవ్వడం లేదని తెలిసి ఆగింది.

"ఏమన్నవ్ వాళ్ళతోని?"

"నువ్వనేదే. మద్నూర్ మాట."

"కూసోని అన్నవా, నిలవడి అన్నవా?"

ఇదేం ప్రశ్నో నాకు అర్థం కాలేదు. "నిలవడే. పాలకు పోతుంటి."

"చెప్పులేసుకున్నవా?"

"ఏసుకున్న."

"చేతుల సంచి గూడ ఉన్నదా?"

"ఉన్నది."

"మరి పిల్లలదేం తప్పు? నేనట్ల ఎన్నడన్న అన్ననా? నేను కూసోని అన్న బిడ్డా. ఒళ్ళ చాట ఉండె, చాటల తంబాకు ఉండె. లేస్తే అంత గాలికి పోతది. నేను లెవ్వనని మీకు ఎర్కనే ఉండె. గందుకే నవ్విన్రు."

నాకు ఇన్నేళ్ళలో అది తట్టనే లేదు. అమ్మ దగ్గర నుంచి మాట ఒక్కటే తెచ్చుకున్నాను.

అటు ఎక్కడో ట్రాక్టరు పోతున్న చప్పుడు. అమ్మ గొంతు తగ్గించి, "నిజంగనే పోబుద్ధైందా?" అంది.

"ఒక్క నిమిషం" అన్నాను.

"నాకు గూడ అయితుండె."

"నీకా?"

"నాకెందుకు గాదు? మస్తుసార్లు. గనీ నేను పోత అనంగనే మీ పెద్దమ్మ పో పో అంటుండె. నవ్వొస్తుండె. నవ్వినంక ఇగ ఏం పోతం?" అని ఆగింది. "నీకు పో అనేటోళ్ళు ఎవ్వరు లేరు గద బిడ్డా."

ఫోను చెవికి ఆనించుకునే, తీగ మీంచి జారుతున్న చిన్నోడి చొక్కాకు క్లిప్పు పెట్టాను. అమ్మే మళ్ళీ అంది: "ఆయితారం బడి ఉండది గద, రాండ్రి, ముగ్గురు. పులుసు చేస్త. తిని మీరే చెప్పుండ్రి, మరాఠోళ్ళ పిల్లలు తింటరో తినరో."

ఆ రాత్రి ఆయన ఫోన్ చేసి ఎప్పటిలాగే "అంతా మంచిదేనా?" అన్నారు. మంచిదే అనబోయి ఆగాను. "నీతో ఒక సంగతి చెప్పాలె. శుక్రవారం నీకు సెలవు గద, అప్పుడు చెప్త" అన్నాను. "ఇప్పుడే చెప్పు" అన్నారు. చెప్పలేకపోయాను. కానీ ఇద్దరమూ మామూలు కంటే ఎక్కువసేపు ఫోన్ పెట్టేయలేదు.

ఇప్పుడు పిల్లలు నిద్రపోయారు. చిన్నోడి గుప్పిట్లోంచి చున్నీ అంచు విడిపించుకుని వచ్చి ఇది రాస్తున్నాను. పొద్దున జరిగింది మరిచిపోకముందే రాసి పెట్టుకోవాలని.

పొద్దున ఆటో వచ్చే ముందు వంటింటి గడప దగ్గర నేల మీద కూర్చున్నాను. నా దగ్గర చాట లేదు. స్టీలు పళ్ళెంలో చిక్కుడుకాయలు పోసుకుని ఒళ్ళో పెట్టుకున్నాను. చెప్పులు స్టాండులో పెట్టమంటే పెద్దది పెట్టింది కానీ, వాటి పక్కనే కాపలా నిలబడింది. ఇద్దరినీ దగ్గరికి పిలిచాను.

"నేను మద్నూర్ పోను" అని చెప్పాను. "ఆడ నాకోసం పిల్లలు ఎవ్వరు లేరు. ఆడున్న పిల్లలకు వాళ్ళ అమ్మలున్నరు. ఆ అమ్మలకు గూడ కోపమొస్తది. వచ్చినప్పుడు వాళ్ళేమంటరో ఎర్కనా? 'మేం కామారెడ్డి బస్సెక్కి పోతం, తెలుగు పిల్లలను పెంచుకుంటం' అంటరు."

పెద్దది నవ్వాలా వద్దా అన్నట్టు నా మొహం చూసింది. తర్వాత ఒళ్ళో పళ్ళెం చూసింది. నేను లేవలేదు. మెల్లగా వచ్చి ఒక చిక్కుడుకాయ తీసుకుని ఈనె తీయడం మొదలుపెట్టింది. చిన్నోడికి మాత్రం కొత్త భయం పట్టుకుంది.

"నిజంగ వస్తరా మమ్మీ? మనింటికి?"

"వస్తే రానీ" అన్నాను. "కూసోవెడదాం. చాయ్ పోద్దాం. కొంచెంసేపు మంచిగ మాట్లాడుకుందాం. పొద్దుమీకకముందే మనమే మళ్ళ బస్సెక్కిద్దాం. ఆడ వాళ్ళ పిల్లలు ఎదురుచూస్తుంటరు గద."